పదవిని కాదన్న పురసేవకుడు: సర్ పిట్టి త్యాగరాయ చెట్టి

ఢిల్లీలో నివసించు తెలుగు కుటుంబములు చెన్నపట్టణమునకు పోయినపుడు త్యాగరాయనగరము చూడక తిరిగి రావు. పెండ్లి పట్టుచీరలకైనను, బంగారు నగలకైనను ఆ పేటయే అందరికి గమ్యము. ఒకప్పుడు తెలుగు చలనచిత్ర పరిశ్రమలోని ప్రముఖులనేకులు అచటనే కాపురముండిరి. జనులు ఆ పేటను క్లుప్తముగా టీ నగర్ అందురు. ఆ మొదటి అక్షరము వెనుక ఒక తెలుగు పెద్దమనిషి ఉన్నాడనియు, ఆయన మగ్గముల నడుమ పెరిగి, నలుబది ఏండ్లు ఆ నగర పురపాలక సంఘమున సేవచేసి, రాష్ట్రమునకు తొలి ప్రథమమంత్రి కాగల అవకాశము గుమ్మములోనికి నడచి వచ్చినను పుచ్చుకొనలేదనియు ఎరిగినవారు మాత్రము కొలదిమందియే. ఆయనయే సర్ పిట్టి త్యాగరాయ చెట్టి.

పురపాలక సంఘములో సభ్యుడై, వీధిదీపము, మంచినీటి కొళాయి, మురుగుకాలువ మొదలగు విషయములలో ప్రజలకు తోడుపడినవాడు పిమ్మట శాసనసభకు అభ్యర్థిగా నిలుచుట మనకు పరిచితమైన సంగతియే. ఢిల్లీ రాష్ట్రమునకు 1952లో శాసనసభ ఏర్పడి 1956లో రద్దయినది. 1958లో నగరపాలక సంస్థ ఏర్పడినది. 1993లో శాసనసభ మరల వచ్చినది. కార్పొరేషను సభ్యత్వమును శాసనసభకు మొదటి మెట్టుగా చేసికొన్నవారిని ఈ నగరవాసులు పెక్కుమందిని చూచియున్నారు. అట్టి అభ్యర్థి విషయమున ఓటరు తెలిసికొనవలసినవి రెండు. ఇంతవరకు ఆతడు చేసినదేమి? ఇకమీదట దేనికి మొదటి స్థానమిచ్చును? నూరేండ్ల క్రిందట ఈ రెండు ప్రశ్నలకును చెట్టిగారి జీవితము ఇచ్చిన సమాధానము నేటికిని ఆలోచింపదగినది.

చెట్టిగారు 1852వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమున జన్మించిరి. దేవాంగులకు నేత కులవృత్తి. చెన్నపట్టణపు ఉత్తరభాగమున, తెలుగువారు చాకలిపేట యని పిలిచిన వాషర్‌మెన్‌పేట ప్రాంతమున, కుంఫణీ దినములనుండియు బట్టలు నేయువారు, చలువచేయువారు, అద్దకమువేయువారు స్థిరపడియుండిరి. కుంఫణీ వస్త్రవ్యాపారమే ఆ పేటలను పెంచినది. చెట్టిగారు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1876లో బి.ఏ. పట్టము పొందిరి. ఆ కాలమున పట్టభద్రుడైనవానికి సర్కారు ఉద్యోగమో, న్యాయవాద వృత్తియో చేతికందుబాటులో నుండెడిది. చెట్టిగారు ఆ రెంటిలో దేనిని కోరక తమవారి వృత్తినే చేపట్టి సుమారు 100 మగ్గములు నడపిరి. ఇంగ్లీషు చదివినవాడు నూలు, రంగు, కూలి లెక్కలు చూచుకొనుచు నేతవారి నడుమ బ్రతుకుట ఆనాడు సాధారణము కాదు. పేదవాని ఇంటి కష్టము ఆయనకు గ్రంథములవలన తెలిసినది కాదు. ఉదయము తలుపు తీయగానే కంటికి కనబడునది.

1882వ సంవత్సరమున చెట్టిగారు మద్రాసు కార్పొరేషనులో సభ్యులైరి. స్థానిక స్వపరిపాలనను గూర్చి రిపన్ ప్రభువు ప్రసిద్ధమైన తీర్మానము వెలువడినదియు ఆ సంవత్సరముననే. ఊరి పనులు ఊరివారే చూచుకొనుట రాజకీయ విద్యకు ఓనమాలని ఆ తీర్మానపు సారాంశము. మద్రాసు కార్పొరేషను 1688లో స్థాపింపబడినది. దేశములో అంతకంటె పాత పురపాలక సంస్థ లేదు. అయినను చెట్టిగారు ప్రవేశించునాటికి దాని పగ్గములు సర్కారు నియమించిన అధ్యక్షుని చేతిలోనే యుండెను. ఎన్నికైన సభ్యుడు ప్రశ్నింపవచ్చును, తగవులాడవచ్చును, లెక్కలు చూడవచ్చును. ఆజ్ఞ మాత్రము అధ్యక్షునిది. అట్టి సభలో చెట్టిగారు ఇంచుమించు తమ తుదిదినములవరకు కొనసాగిరి. ఒక్క పదవీకాలము గడచులోపల పైమెట్టునకై చూచువారికి ఈ ఓపిక వింతగా తోచును.

ఆయన సభ్యులుగా నున్న కాలమున నగరమునకు వచ్చిన సమస్యలు అల్పములు కావు. 1881 జనాభా లెక్కలలో నాలుగు లక్షలకు కొంచెము మించియున్న నగరము 1921 నాటికి ఐదు లక్షల ఇరువదియారు వేలు దాటెను. రెడ్‌హిల్సు తటాకమునుండి నీరు 1872 నుండియే నగరమునకు వచ్చుచున్నను, ఆ నీరు వడకట్టబడి ఇంటింటికి చేరుటకు 1914లో కీల్పాకమున జలయంత్రాలయము ఏర్పడువరకు వేచియుండవలసివచ్చెను. మురుగునీటి పారుదల, మలేరియా, కలరా, సందుగొందులలోని పూరిగుడిసెలు, పన్నుల వసూలు, ఇవియే ఆ సభవారి దినచర్య. ఇట్టి పనులలో ఉపన్యాసపటిమకు విలువ తక్కువ. ఏ వీధికి గొట్టము ముందు వేయవలెను, ఏ పేటకు పాఠశాల ముందు కట్టవలెను అను నిర్ణయములలోనే సభ్యుని స్వభావము బయటపడును. 1913లో ప్రారంభమైన కార్పొరేషను తెల్లని భవనమునకు రిపన్ ప్రభువు పేరు పెట్టబడెను. రిపన్ తీర్మానము వెలువడిన సంవత్సరమున సభలో అడుగిడిన చెట్టిగారు ఆ భవనమున గూడ సభ్యులై కూర్చుండిరి.

నగరపు వర్తకులును ఆయనను తమ పెద్దగా గుర్తించిరి. 1909లో దక్షిణ భారత వాణిజ్య మండలి ఏర్పడినపుడు చెట్టిగారు దానికి తొలి అధ్యక్షులై 1921 వరకు ఆ స్థానమున నుండిరి. అంతకు పూర్వము వాణిజ్య సంఘము అనగా తెల్లవర్తకుల సంఘమే. స్వదేశి వర్తకుని మాట సర్కారు చెవిని వేయుటకు వేరొక మార్గము లేకుండెను. రాజకీయములలో ఆయన తొలుత మద్రాసు మహాజన సభకును, కాంగ్రెసునకును చేరువగా నుండిన మితవాది. 1916 వరకు ఈ సంబంధము సాగినది.

ఆ సంవత్సరము ఆయన జీవితమున మలుపు. నగర సేవలో ముప్పదినాలుగేండ్లు గడపిన చెట్టిగారు 1916లో శాసనసభ ఎన్నికలలో ఓడిపోయిరి. కూర్మా వెంకటరెడ్డినాయుడుగారును అట్లే ఓడిరి. ఇంపీరియల్ శాసనసభకు నిలిచిన డాక్టరు టి. ఎం. నాయరుగారు వి. ఎస్. శ్రీనివాసశాస్త్రిగారి చేతను, పానగంటి రామారాయణింగారు కె. వి. రంగస్వామి అయ్యంగారి చేతను పరాజయము పొందిరి. ఓటర్లు మిక్కిలి కొలదిమందియైన ఆనాటి ఎన్నికలలో విద్యావంతులైన బ్రాహ్మణుల పలుకుబడి ఎక్కువ. ఉద్యోగములలోను అదియే పరిస్థితి. జనసంఖ్యలో బ్రాహ్మణులు నూటికి మువ్వురు మాత్రమే. 1912 లెక్కలలో 128 మంది జిల్లా మునసబులలో 93 మంది బ్రాహ్మణులు. చదువునకు మొదట చేరువైనవారికి కొలువులు మొదట దక్కుట సహజమే కావచ్చును. కాని మిగిలిన సంఘములవారికి చదువు ఎట్లు అందవలెను, కొలువు ఎట్లు దొరకవలెను, శాసనసభలో వారి పక్షమున ఎవరు మాటలాడవలెను అను ప్రశ్నలు ఇక దాటవేయరానివైనవి.

చెట్టిగారికిని నాయరుగారికిని అంతవరకు పొసగలేదు. నాయరుగారు 1904 నుండి కార్పొరేషనులో సభ్యులు. పురవిషయములలో వీరిద్దరును తరచు ఎదురెదురు పక్షములలో నుండినవారు. ట్రిప్లికేనులో బ్రాహ్మణేతర విద్యార్థులకు వసతిగృహము నడపుచుండిన డాక్టరు సి. నటేశ ముదలియారుగారు వీరిని కలిపిరి. 1916 నవంబరు 20వ తేదీన వేపేరిలో జరిగిన సమావేశమున దక్షిణ భారత స్వేచ్ఛాసంఘమునకు బీజము పడెను. డిసెంబరులో చెట్టిగారి సంతకముతో బ్రాహ్మణేతర ప్రకటనము వెలువడెను. మరుసటి ఏడు జస్టిస్ అను ఇంగ్లీషు దినపత్రిక బయలుదేరెను. జనులు ఆ పత్రిక పేరనే పార్టీని పిలువసాగిరి. తమిళమున ద్రావిడన్, తెలుగున ఆంధ్రప్రకాశిక ఆ పక్షపు వాణిని వినిపించెను. దేశమంతయు హోంరూలు కోరుచుండగా వీరు వేరుదారి పట్టిరను నింద అప్పుడే వచ్చినది. అధికారము ఇంగ్లీషువాని చేతినుండి దిగివచ్చునపుడు అది ఎవరి చేతిలో పడునో ముందుగా తేల్చుకొనవలెనని వీరి వాదము. ఈ రెండు వాదములును చరిత్రలో నిలిచినవి.

1917 నవంబరులో ఇండియా మంత్రి మాంటేగ్యూ ఈ దేశమునకు వచ్చి, ఢిల్లీలోను, పిమ్మట మద్రాసులోను ప్రతినిధివర్గములను కలిసికొనెను. 1918లో వెలువడిన మాంటేగ్యూ చెంస్‌ఫర్డ్ నివేదికలో బ్రాహ్మణేతరులకు ప్రత్యేక స్థానములు లేవు. పార్టీ తరఫున వాదించుటకు లండను పోయిన నాయరుగారు 1919 జూలై 17న అచటనే కాలధర్మము చెందిరి. వెంకటరెడ్డినాయుడుగారు ఆ పనిని కొనసాగించిరి. తుదకు 1920 మార్చిలో మెస్టన్ ప్రభువు ఇచ్చిన తీర్పు ప్రకారము మద్రాసు శాసనసభలో 28 స్థానములు బ్రాహ్మణేతరులకు ప్రత్యేకింపబడెను. నాయరుగారు పోయిన పిమ్మట పార్టీ భారమంతయు చెట్టిగారి మీదనే పడెను. అప్పటికి ఆయన వయస్సు 67 ఏండ్లు.

ఈ మధ్యనే కార్పొరేషను రూపమును మారెను. 1919వ సంవత్సరపు మద్రాసు నగర పురపాలక చట్టము సభ్యుల సంఖ్యను 50కి పెంచి, కార్యనిర్వహణమును కమిషనరునకు అప్పగించి, అధ్యక్ష స్థానమును అధికారేతరులకు తెరచెను. ఆ స్థానమునకు వచ్చిన మొదటి అధికారేతరుడు త్యాగరాయ చెట్టిగారు. మేయరు అను పేరు 1933లో గాని తిరిగి రాలేదు. పేరు వేరైనను పని అదియే. ముప్పదియెనిమిది ఏండ్లు సామాన్య సభ్యునిగా గడపినవానికి ఆ పీఠము లభించెను. అచట కూర్చుండి ఆయన మొదట దేనిని తలపెట్టెనో గమనింపదగును.

థౌజండ్ లైట్సు పేటలోని కార్పొరేషను పాఠశాలకు పిల్లలు రాకుండిరి. వచ్చినవారు నిలువకుండిరి. అచటి బాలురు నిరుపేదలు. ఆకలితో బడిలో కూర్చుండుటకంటె ఏదో పనికి పోయి కానీ అర్ధణా తెచ్చుట వారి ఇంటికి మేలనిపించెడిది. బడికట్టడము ఉన్నది, పంతులున్నాడు, పలకలున్నవి, పిల్లలు లేరు. 1920 సెప్టెంబరు 16వ తేదీన కార్పొరేషను సభ ఆ బడిపిల్లలకు మధ్యాహ్నము ఫలహారము పెట్టుటకు ఆమోదించెను. ఖర్చు పిల్లవానికి దినమునకు ఒక అణాకు మించరాదు. రూపాయికి పదునారవ వంతు! పిల్లల పేదరికమే బడి బలమును తగ్గించుచున్నదని అధ్యక్షులు సభకు వివరించిరి. పిమ్మట మరి నాలుగు పాఠశాలలకును ఈ ఏర్పాటు విస్తరింపబడెను. ఐదు పాఠశాలలలోని పిల్లల మొత్తము సంఖ్య 1922-23లో 811, 1924-25లో 1,671. రెండేండ్లలో రెట్టింపు దాటినది. ఏ శాసనమును, ఏ జరిమానాయు చేయలేని పనిని ఒక అణా ఫలహారము చేసెను.

ఫలహారపు తీర్మానమైన రెండు మాసములకే, 1920 నవంబరులో, కొత్త శాసనసభకు ఎన్నికలు జరిగెను. ఈ సభలో ఎన్నికైన సభ్యులు 98 మంది. పోలికకు చూతుమన్నచో, నాటి మద్రాసు రాష్ట్రమున ప్రజలు నాలుగు కోట్లకు పైగా నుండిరి. ఓటర్లు పండ్రెండు లక్షల చిల్లర మాత్రమే. పన్ను కట్టువానికే ఓటు, స్త్రీలకు లేదు. గాంధీజీ సహాయనిరాకరణోద్యమమును అనుసరించి కాంగ్రెసు ఎన్నికలను బహిష్కరించుటచే పెక్కుమంది ఓటు వేయుటకే రాలేదు. ఓటు వేసినవారు నూటికి ఇంచుమించు పాతికమంది. ఆ గెలుపును కొలుచునపుడు ఈ సంగతిని మరువరాదు.

అయినను చెట్టిగారు మద్రాసు నగరమునుండి నిలిచినపుడు ఓటరు ముందున్నది ఊరుపేరు తెలియని మనిషి కాదు. నాలుగేండ్ల క్రిందట ఓడినవాడే ఇప్పుడు గెలిచెను. నడుమ మారినవి రెండు: వెనుక ఒక పార్టీ ఏర్పడినది, చేతికి ఒక అధికారము వచ్చి దానిని ఆయన ఎట్లు వాడునో నగరము కన్నులార చూచినది. పార్టీ ఉద్దేశములు తెలిసినవే: వెనుకబడిన సంఘములకు చదువు, కొలువులలో పాలు, స్థానిక సంస్థలకు బలము. కొలువులను గూర్చిన కోరిక ఓటున్నవారిది. ఫలహారము అందుకొన్న పిల్లల తండ్రులలో ఓటున్నవారు ఎందరుందురు? ఓటు లేనివాని బిడ్డకు పెట్టిన అన్నము ఎన్నికలకు పనికివచ్చునది కాదు. చెట్టిగారి పురసేవలో మిగిలినవానికంటె ఇది విలువగలదగుటకు కారణమిదియే.

జస్టిస్ పార్టీకి 63 స్థానములు వచ్చెను. గవర్నరు వెల్లింగ్డన్ ప్రభువు మంత్రివర్గము ఏర్పరుపుమని చెట్టిగారిని పిలిచెను. ఆయన అంగీకరింపలేదు. తమకు మారుగా కడలూరు ప్రముఖులు ఎ. సుబ్బరాయలు రెడ్డియారుగారి పేరు సూచించిరి. 1920 డిసెంబరు 17న రెడ్డియారుగారు ప్రథమమంత్రిగా పదవి స్వీకరించిరి. అనారోగ్యముచే ఆయన 1921 జూలైలో తప్పుకొనగా, కాళహస్తి వాస్తవ్యులు పానగంటి రామారాయణింగారు ఆ స్థానమునకు వచ్చిరి. పానగల్ రాజాగా ఆయన ప్రసిద్ధులు. చెట్టిగారు పార్టీ నాయకత్వమును, శాసనసభలో సామాన్య సభ్యత్వమును, కార్పొరేషను అధ్యక్షతను మాత్రము ఉంచుకొనిరి. వేయిరూపాయలలో జీతము, గవర్నరు పక్కన ఆసనము, చరిత్రలో తొలి ప్రథమమంత్రి అను పేరు, ఇవన్నియు విడిచిరి. పదవికై ఒక పార్టీని కట్టితినను మాట రానీయకుండుట నాయకునికి గొప్ప బలము. ఆ బలమును ఆయన మంత్రి జీతమునకు అమ్ముకొనలేదు.

వేషమునందును ఆయనది ఒకే పద్ధతి. తెల్లని పంచె, పొడుగు కోటు, తలపాగ. తమిళులు ఆయనను తెల్లని వస్త్రముల రాజని పిలిచిరి. 1922 జనవరిలో వేల్సు యువరాజు మద్రాసు వచ్చినపుడు నగర ప్రథమ పౌరునిగా చెట్టిగారు ఆ దుస్తులతోనే స్వాగతమిచ్చిరని చెప్పుకొందురు. కాంగ్రెసువారు హర్తాళ్ జరిపిన ఆ దినమున నగరమున అల్లరులును జరిగెను. యువరాజునకు స్వాగతమిచ్చినవారిని దేశాభిమానులు క్షమింపలేదు. ఆయన పక్షము ఎట్టిదో, దానికి ఆయన చెల్లించిన వెల యెట్టిదో ఆ దినము రెంటిని చూపెను.

ఆ శాసనసభ చేసిన మంచిపనులు కొన్ని చిరస్థాయిగా నిలిచినవి. 1921లో స్త్రీలకు ఓటుహక్కునకు అడ్డు తొలగించుటలో మద్రాసు దేశములోని ఇతర రాష్ట్రములకంటె ముందుండెను. ఆ సంవత్సరముననే ప్రభుత్వోద్యోగములలో అన్ని సంఘములకు పాలు కల్పించు తొలి ఉత్తరువు వెలువడెను. నేటి రిజర్వేషన్ల చరిత్ర వ్రాయువారు ఆ ఉత్తరువును పేర్కొనక తప్పదు.

కాని ఆ సంవత్సరమే చెట్టిగారి జీవితమున ఒక మచ్చను గూడ మిగిల్చెను. 1921లో బకింగ్‌హాం, కర్ణాటక్ మిల్లులలో సమ్మె సాగుచుండగా ఆదిద్రావిడ కార్మికులు పనిలోనికి పోయిరి. ఇతర కార్మికులకును వారికిని వైరము ముదిరి పుళియంతోపున గుడిసెలు తగులబడెను. పోలీసు కాల్పులలో ప్రాణములు పోయెను. చెట్టిగారును పార్టీ పెద్దలును సర్కారు ఆదిద్రావిడులను పక్షపాతముతో చూచుటయే కలతకు మూలమని వాదించిరి. ఆదిద్రావిడ నాయకులు ఎం. సి. రాజాగారు దీనిని నిరసించి 1923లో పార్టీని వీడిరి. పై మెట్టువారు తమను క్రిందికి త్రోసిరని మొరపెట్టినవారు తమకంటె క్రింది మెట్టున నున్నవారి మొర వినలేకపోవుట విచారకరము. బడిలో పేదపిల్లవాని ఆకలిని కనుగొన్న దృష్టి మిల్లు గుమ్మముకడ చెదరినది.

ఇంటిలోని కలతలును తక్కువ కాలేదు. రెడ్డియారుగారు తప్పుకొన్న పిమ్మట మంత్రులు మువ్వురలో తమిళ జిల్లాలవారు ఒక్కరును లేరు. పానగల్ రాజా, వెంకటరెడ్డినాయుడు, ఎ. పి. పాత్రోగార్లే మంత్రులు. పార్టీ నాయకులును తెలుగువారే యగుటచే తమిళ సభ్యులు కినిసిరి. 1923 ఎన్నికలలో పార్టీ బలము తగ్గినది. నాయుడుగారి స్థానమున శివజ్ఞానం పిళ్ళగారిని తీసికొని కొంత సర్దుబాటు చేసిరి. మన కట్టమంచి రామలింగారెడ్డిగారు పార్టీనుండి వెడలి, పానగల్ మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము తెచ్చిరి. 1923 నవంబరు 27న అది 44కు 65 ఓట్ల తేడాతో వీగిపోయినను, పార్టీలో పెద్దల పెత్తనము ఎక్కువైనదను విమర్శ నిలిచియే పోయెను. నాయకుడు మంత్రివర్గము బయటనుండి నడపు ప్రభుత్వములో బాధ్యత ఎవరిదను ప్రశ్న అప్పుడు పుట్టినది. నేటికిని అది తీరలేదు.

ఇక ఫలహారము సంగతి. దాని ఖర్చు ప్రాథమిక విద్యానిధినుండి చెల్లింపబడుచుండెను. ఆ నిధినుండి అట్టి ఖర్చు చేయరాదని ప్రభుత్వము ఆక్షేపించెను. ఫలితముగా 1925 ఏప్రిల్ 1వ తేదీనుండి ఫలహారము ఆగిపోయెను. ద్వంద్వపాలనలో విద్య, స్థానిక స్వపరిపాలన రెండును మంత్రులకు అప్పగింపబడిన శాఖలు. ఆ మంత్రులు చెట్టిగారి పార్టీవారు. కోశాగారము మాత్రము గవర్నరు కార్యాలోచనసభ చేతిలోని రక్షిత శాఖ. ఏ బల్లమీద ఏ వ్రాతచే ఆ అణా ఆగినదో గాని, పార్టీ అధికారములో నుండగా పార్టీ పెద్ద తలపెట్టిన పని నిలిచిపోయెను. కార్యాలయములలో పనిచేయువారికి ఈ కథ అర్థముకానిది కాదు. పిల్లవానికి అన్నము పెట్టుట విద్యకు సంబంధించినదా కాదా అను ప్రశ్నకు నియమావళిలో పంక్తి దొరకకున్నచో, సమాధానము సాధారణముగా కాదనియే వచ్చును.

ఆ 1925వ సంవత్సరముననే చెట్టిగారు కీర్తిశేషులైరి. పార్టీ నాయకత్వము పానగల్ రాజాకు సంక్రమించెను. మరుసటి ఏటి ఎన్నికలలో స్వరాజ్యపక్షము ముందునకు రాగా ఆ మంత్రివర్గము ముగిసెను. మాంబళము ప్రాంతపు పెద్ద చెరువు భూములలో ఆ సంవత్సరములలోనే వెలసిన కొత్త పేటకు త్యాగరాయనగరమని పేరిడిరి. దాని నడిబొడ్డున నున్న ఉద్యానమునకు పానగల్ పార్కని పేరు. ఇద్దరు తెలుగువారును ఆ పేటలో పక్కపక్కనే నిలిచిరి. ఉత్తర మద్రాసులో 1950లో ఆయన పేర కళాశాల స్థాపింపబడెను. రిపన్ భవనపు ఆవరణలో ఆయన విగ్రహము ఉన్నది.

ఆగిపోయిన అణా మాత్రము అంతటితో ఊరకుండలేదు. 1956లో కామరాజుగారి ప్రభుత్వము మధ్యాహ్న భోజనమును మద్రాసు రాష్ట్రపు బడులకు వ్యాపింపజేసెను. 1982లో ఎం. జి. రామచంద్రన్‌గారు దానిని విస్తృతపరచిరి. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము ప్రాథమిక విద్యకు పోషకాహారపు జాతీయ కార్యక్రమమును ప్రారంభించెను. వండిన భోజనమునే పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించెను. 2003లో ఆంధ్రప్రదేశ్ బడులలో అది అమలునకు వచ్చెను. పిల్లవాని ఆకలి విద్యాశాఖకు సంబంధించిన విషయమేనని ఒప్పుకొనుటకు దేశమునకు ఎనుబది ఏండ్లు పట్టెను.

త్యాగరాయ చెట్టిగారిని నాయకునిగా అంగీకరించువారును, అంగీకరింపనివారును ఉండవచ్చును. ఆయన పార్టీని గూర్చి వాదములు నేటికిని చల్లారలేదు. మిల్లు సమ్మెనాటి మాటలను సమర్థించుట ఎవరి తరమును కాదు. కాని పురపాలక సంఘమునుండి శాసనసభకు పోగోరు మనిషిని తూచుటకు ఆయన జీవితము ఒక తక్కెడ నిచ్చినది. ఒక తట్టలో నలుబది ఏండ్ల హాజరు, రెండవ తట్టలో పుచ్చుకొనని ప్రథమమంత్రి పదవి. నడుమ ముల్లువలె నిలిచినది, ఓటులేనివాని బిడ్డకై అడిగి పెట్టించిన దినమునకు ఒక అణా. అభ్యర్థులు పంచు కరపత్రములలో కట్టిన కట్టడములు, వేసిన రోడ్లు విరివిగా కనబడును. తనకు ఓటు వేయజాలనివారికి ఆతడు ఏమి చేసెనను పంక్తిని గూడ ఓటరు అందులో వెదకవలెను.